పెనుగాలి హెచ్చరికలో ఏముంటుంది?

సముద్రం మీద గాలి గంటకు 34 నాటికల్ మైళ్ల వేగం అందుకుంటే దాన్ని పెనుగాలిగా లెక్కిస్తారు. నావికుల భాషలో ఇది 34 నాట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు కాబట్టి కిలోమీటర్లలో సుమారు 63. ఆర్టీసీ బస్సు కూడా ఇంత వేగంతో పోతుంది గనక ఒడ్డున ఉండి చదివేవారికి ఇది పెద్ద అంకెలా అనిపించదు. కానీ గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 34 నాట్ల గాలి 48కి చేరితే వేగం పెరిగింది నలభై శాతమే. ఓడ పక్కభాగం మీద పడే ఒత్తిడి మాత్రం రెట్టింపు అవుతుంది.

ఈ కొలతకు మూలం బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో రాసుకున్న పట్టిక. గాలిని 0 నుంచి 12 వరకు మెట్లుగా విడదీసి, ఏ మెట్టులో యుద్ధనౌక ఎన్ని తెరచాపలు ఎత్తి ఉంచగలదో ఆయన అందులో చెప్పాడు. అప్పట్లో వేగాన్ని కొలిచే పరికరం ఓడల మీద లేదు. తర్వాతి కాలంలో ప్రతి మెట్టుకూ వేగాన్నీ, సముద్రం కనిపించే తీరునూ జతచేశారు. పెనుగాలి ఎనిమిదో మెట్టు. నడిసముద్రంలో ఆ గాలి తగినంత సేపు వీస్తే అలలు ఐదున్నర మీటర్ల దాకా లేస్తాయి. అలల కొనలు తెగి తుంపరలుగా ఎగురుతాయి. నురుగు గాలివాలున పొడవాటి చారలుగా పరచుకుంటుంది. పరికరాలు ఎన్ని వచ్చినా, ఆ చారలను చూసి గాలి ఎంతుందో చెప్పగల నావికులు ఇప్పటికీ ఉన్నారు.

అంతర్జాతీయ సముద్ర హెచ్చరికల్లో 34 నుంచి 47 నాట్ల వరకు పెనుగాలి, 48 నుంచి 63 వరకు తుపాను గాలి, 64 దాటితే హరికేన్ స్థాయి గాలి. భారత వాతావరణ శాఖ కూడా వాయుగుండాన్నీ తుపానునూ విడదీయడానికి 34 నాట్ల గీతనే వాడుతుంది. 17 నుంచి 27 నాట్ల వరకు వాయుగుండం, 28 నుంచి 33 వరకు తీవ్ర వాయుగుండం. 34 తాకగానే తుపాను అవుతుంది, పేరు పెడతారు. అయితే ఈ గీత పెద్ద ఓడను దృష్టిలో పెట్టుకుని గీసింది. పది మీటర్ల ఫైబర్ బోటుకు అంత గాలి అక్కర్లేదు. అందుకే మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక గంటకు 45 కిలోమీటర్ల దగ్గరే, అంటే సుమారు 24 నాట్ల దగ్గరే మొదలవుతుంది. రేడియోలో తరచూ వినబడే ‘గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 65 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. తుపాను అన్న పేరు రాలేదు కాబట్టి ఫర్వాలేదు అనుకోవడం చిన్న పడవ విషయంలో తప్పు లెక్క.

భూమధ్యరేఖకు రెండు వైపులా ఉన్న ఉష్ణమండల సముద్రాలు ఏడాదిలో చాలా రోజులు నెమ్మదిగానే ఉంటాయి. ఉత్తరాన ఈశాన్యం నుంచి, దక్షిణాన ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు పదీ ఇరవై నాట్ల మధ్య ఒకే తీరున వీస్తాయి. ఆ రెండూ కలిసే మేఘాల పట్టీలో గాలి దాదాపు నిలిచిపోతుంది. ఉరుములతో కూడిన జల్లు వచ్చినప్పుడు మాత్రం పావుగంటో అరగంటో విరుచుకుపడి తగ్గిపోతుంది. తెరచాప ఓడల కాలంలో ఆ పట్టీలో చిక్కుకుని వారాల తరబడి కదలని నౌకలున్నాయి. ఉత్తర అట్లాంటిక్ వంటి చల్లటి సముద్రాల మీద చలిగాలి, వెచ్చటి గాలి ఎదురుపడి చలికాలంలో పెనుగాలులు పుట్టడం మామూలు సంగతి. ఉష్ణమండలంలో ఆ తేడాలు తక్కువ, వాయుపీడనం కూడా పెద్దగా మారదు. కాబట్టి ఇక్కడ పెనుగాలి వీస్తోందంటే దాని వెనుక ప్రత్యేకమైన కారణం ఏదో ఒకటి ఉండి తీరుతుంది.

పాత నావికులు ఈ నిలకడనే హెచ్చరికగా మార్చుకున్నారు. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు లయగా పెరిగి తగ్గుతుంది. ఉదయం పది, రాత్రి పది ప్రాంతాల్లో ఎక్కువగా, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువగా ఉంటుంది. ఆ హెచ్చుతగ్గుల్ని సవరించాక కూడా ఆ రుతువు సగటు కంటే 3 మిల్లీబార్లు తక్కువ కనిపిస్తే అనుమానించాలి. 5 తగ్గితే దగ్గరలో తుపాను ఉన్నట్టే లెక్క. ఉపగ్రహాలు లేని రోజుల్లో ఓడ కెప్టెన్‌కు భారమితిని మించిన దిక్కు లేదు. నేటి నౌకాయాన పుస్తకాలు కూడా ఈ సూత్రాన్ని వదిలిపెట్టలేదు.

పెనుగాలి అనగానే తెలుగువారికి తుపానే గుర్తుకొస్తుంది గానీ, మబ్బుతునక లేని ఆకాశం కింద కూడా అది వీస్తుంది. దీనికి పేరు మోసిన చోటు మెక్సికో దక్షిణ తీరంలోని తెహువాన్‌తెపెక్ సింధుశాఖ. అక్కడ మెక్సికో భూభాగం బాగా సన్నబడుతుంది. ఒకవైపు గల్ఫ్ ఆఫ్ మెక్సికో, మరోవైపు పసిఫిక్, నడుమ కొండల వరుస, ఆ వరుసలో చివేలా కనుమ అనే ఖాళీ. చలికాలంలో ఉత్తర అమెరికా నుంచి చలిగాలి గల్ఫ్ మీదికి దిగినప్పుడు అక్కడ పీడనం పెరుగుతుంది. కొండకు ఇవతల పసిఫిక్ వైపు పీడనం తక్కువ. గాలికి దొరికే దారి ఆ కనుమ ఒక్కటే కాబట్టి అందులో ఇరుక్కుని, వేగం పుంజుకుని పసిఫిక్ మీదికి దూసుకొస్తుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు ఇది పదేపదే జరుగుతుంది. పెనుగాలి స్థాయిని దాటి తుపాను గాలి స్థాయిని కూడా అప్పుడప్పుడు అందుకుంటుంది. తీరానికి వందల కిలోమీటర్ల దూరం వరకు దాని జాడ ఉంటుంది. పనామా నుంచి కాలిఫోర్నియాకు పోయే ఓడకు అది పక్క నుంచి తగులుతుంది. ఎండ కాస్తూ ఉంటుంది, ఓడ మాత్రం పక్కలకు ఊగిపోతుంది. ఈ గాలి ఉపరితలపు నీటిని తోసేయడంతో అడుగు నుంచి చల్లటి నీరు పోషకాలతో సహా పైకి వస్తుంది. నాచు పెరుగుతుంది, దాని వెంట చేపలూ చేరతాయి. మయామీలోని అమెరికా జాతీయ హరికేన్ కేంద్రంలో ఉష్ణమండల సముద్రాల విభాగం ఒకటి ఉంది. చలికాలంలో అది జారీచేసే పెనుగాలి హెచ్చరికల్లో తెహువాన్‌తెపెక్ పేరు మాటిమాటికీ కనబడుతుంది. కరీబియన్ సముద్రంలో కొలంబియా తీరం దగ్గర కూడా వ్యాపార పవనాలు బిగిసి, తుపాను లేకుండానే పెనుగాలిగా మారతాయి.

మన వైపు దీనికి సాటి వచ్చేది సోమాలియా తీరం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు దక్షిణార్ధగోళం నుంచి భూమధ్యరేఖ దాటి తూర్పు ఆఫ్రికా ఎత్తైన నేలల పక్కగా మలుపు తిరుగుతాయి. ఆ మలుపులో అవి ఒక వేగవంతమైన గాలి ధారగా కూడుకుంటాయి. జూలైలో సోమాలియా తీరానికీ సొకోత్రా దీవికీ నడుమ గాలి 34 నాట్లు దాటడం విశేషమేమీ కాదు. పశ్చిమ అరేబియా సముద్రంలో ఆ నెలల్లో నాలుగు నుంచి ఆరు మీటర్ల అలలు లేస్తాయి. తెలుగునాట పొలాలను తడిపే వానకు నీటి ఆవిరి మోసుకొచ్చేది ఈ గాలే. గుజరాత్, కేరళ, అరబ్ తీరాల మధ్య తిరిగిన పాతకాలపు తెరచాప ఓడలు ఈ నెలల్లో రేవుల్లోనే ఉండిపోయేవి. గాలి నెమ్మదించాకే బయల్దేరేవి.

ఇక తుపాను. సముద్రపు నీరు పైనుంచి యాభై అరవై మీటర్ల లోతు వరకు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వెచ్చగా ఉండాలి. పై గాలికీ కింది గాలికీ వేగంలో పెద్ద తేడా ఉండకూడదు. భూభ్రమణం వల్ల గాలికి తగినంత మెలిక కూడా పడాలి. భూమధ్యరేఖకు 5 డిగ్రీల లోపల ఆ మెలిక చాలదు గనక అక్కడ తుపాన్లు పుట్టవు. 2001 డిసెంబరులో సింగపూర్ దగ్గర సుమారు ఒకటిన్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఏర్పడిన వామెయ్ తుపాను అరుదైన మినహాయింపు. బంగాళాఖాతంలో రెండు కాలాలున్నాయి. నైరుతి రుతుపవనాలకు ముందు ఏప్రిల్ నుంచి జూన్ తొలినాళ్ల వరకు ఒకటి, అవి వెనుదిరిగే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరొకటి. జూలై, ఆగస్టుల్లో పై గాలుల తాకిడికి అల్పపీడనాలు తుపాన్లుగా ఎదగలేవు. వాయుగుండాల దగ్గరే ఆగిపోతాయి.

తుపాను చుట్టూ పెనుగాలి అన్ని వైపులా సమానంగా ఉండదు. భూమధ్యరేఖకు ఉత్తరాన గాలి గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తుపాను సాగే దిశగా ముఖం పెట్టి చూస్తే కుడివైపున తిరిగే వేగానికి ముందుకు సాగే వేగం తోడవుతుంది, ఎడమవైపున అది తీసివేత అవుతుంది. నావికులు కుడి సగాన్ని ప్రమాదకరమైన అర్ధవలయం అంటారు. అక్కడి గాలి ఓడను తుపాను దారిలోకే నెడుతుంది. ఈ సంగతులను నావికులకు అర్థమయ్యేలా 1848లో పుస్తకంగా రాసిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉన్నవాడు. ఆయన ముందుంచుకున్న ఓడల నివేదికల్లో బంగాళాఖాతానివి ఎన్నో ఉన్నాయి. గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం కుడిచేతి వైపు, కాస్త వెనక్కు ఉంటుందన్నది నేటికీ నౌకాయాన విద్యార్థులు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. హెచ్చరికల్లో కూడా అందుకే ‘34 నాట్ల గాలి ఈశాన్యాన ఇన్ని మైళ్లు, నైరుతిన ఇన్ని మైళ్లు’ అని నాలుగు మూలలకూ విడివిడిగా దూరం చెబుతారు.

అంచనాలో పొరపాటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి అమెరికా నావికులు ఒక చిన్న లెక్క వాడతారు. రేపటికి తుపాను ఉంటుందన్న చోటు నుంచి 34 నాట్ల గాలి పరిధికి మరో 100 నాటికల్ మైళ్లు, ఎల్లుండికి 200, ఆ మర్నాటికి 300 కలిపి, ఆ వలయాల్లోకి ఓడను పోనివ్వరు. పద్ధతి మొరటుగా కనిపిస్తుంది గానీ తుపాను పక్కగా సందు చూసుకుని పోదామనుకునే కెప్టెన్‌కు కళ్లెం వేస్తుంది.

గాలి ఎంతుందో తెలుసుకోవడంలో చిక్కు ఉంది. ఓడలు పంపే కొలతలు ఎంతో విలువైనవే అయినా, హెచ్చరిక బాగా పనిచేసిన కొద్దీ ఓడలు తుపానుకు దూరంగా పోతాయి. అంటే సమాచారం అవసరమైన చోట చెప్పేవాళ్లే ఉండరు. ఈ లోటును కొంత తీర్చేవి లంగరు వేసి నిలిపిన బోయాలు. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల్లోని బోయాలను చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చూసుకుంటుంది. మిగతా భారం ఉపగ్రహాలది. 2009లో ఇస్రో పంపిన ఓషన్‌శాట్-2, 2016 నాటి స్కాట్‌శాట్-1 ఒకప్పుడు చేసినట్టే, 2022లో ఎగిరిన ఓషన్‌శాట్-3 సముద్రం మీదికి రేడియో తరంగాలు పంపి, చిన్న చిన్న అలల గరుకుదనాన్ని బట్టి గాలి వేగాన్నీ దిశనూ లెక్కగడుతుంది. కుండపోత వాన మధ్య ఈ కొలత తడబడుతుంది. తుపాను తీరానికి దగ్గరయ్యాక విశాఖపట్నం, మచిలీపట్నం వంటి చోట్ల ఉన్న డాప్లర్ రాడార్లు అందుకుంటాయి.

ప్రపంచ సముద్రాలన్నిటినీ 21 వాతావరణ ప్రాంతాలుగా పంచుకున్నారు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో దేశం బాధ్యత వహిస్తుంది. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఆ పని భారత వాతావరణ శాఖది, దానికి దక్షిణాన పడమటి భాగం మారిషస్‌ది. 1912లో టైటానిక్ మునిగాక పుట్టిన సముద్ర భద్రతా ఒప్పందమే ఈ ఏర్పాటుకు పునాది. మామూలు రోజుల్లో రోజుకు కనీసం రెండుసార్లు, తుపాను ఉన్నప్పుడు కొన్ని గంటలకోసారి ప్రకటన వెలువడుతుంది. దూరపు ఓడలకు అది ఉపగ్రహం ద్వారా చేరుతుంది. తీరానికి కొన్ని వందల మైళ్ల లోపున్న ఓడలకు 518 కిలోహెర్ట్జ్ మీద నావ్‌టెక్స్ అనే పద్ధతిలో అచ్చయిన అక్షరాలుగా వస్తుంది. ఆ కేంద్రాల్లో ఒకటి కాకినాడ దగ్గరి వాకలపూడిలో ఉంది. ప్రకటనలో హెచ్చరిక ముందుంటుంది, తర్వాత వాతావరణ స్థితి, ఆ తర్వాత ప్రాంతాల వారీగా గాలి, అలలు, చూపు అందే దూరం. సమయం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది కాబట్టి భారత సమయం కావాలంటే ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 06 గంటలంటే ఇక్కడ ఉదయం 11.30.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలకు పాత చరిత్ర ఉంది. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న బందరును తుపాన్లు ముంచెత్తాయి. బందరులోనే దాదాపు 30 వేల మంది చనిపోయారు. మరుసటి ఏడాది కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది. ఇప్పుడు మన రేవుల్లో 11 సూచికలున్నాయి. పగలు శంకువులూ స్తంభాకారాలూ, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు, రేవుకు ఇంకా ముప్పు లేదు. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. ఐదు నుంచి ఏడు వరకు ప్రమాద సూచికలు, ఎనిమిది నుంచి పది వరకు పెను ప్రమాదానివి. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

పత్రికల్లో వీటిని పరీక్షలో మార్కుల్లా చదవడం అలవాటైంది. అంకె పెరిగితే ప్రమాదం పెరిగిందని అనుకుంటారు. నిజానికి ఐదు, ఆరు, ఏడు మూడూ ఒకే స్థాయి. తేడా తుపాను ఏ పక్క నుంచి పోతుందన్నదే. తుపాను దారికి రేవు ఎడమన ఉంటే ఐదు, కుడిన ఉంటే ఆరు, తుపాను రేవు మీదుగానే గానీ బాగా దగ్గరగా గానీ పోతే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పదిలోనూ ఇదే వరస, అవి తీవ్రమైన తుపానుకు. వాయవ్యంగా సాగే తుపాను కాకినాడ దగ్గర తీరం దాటుతోందనుకుంటే విశాఖపట్నం దాని దారికి కుడిన, మచిలీపట్నం ఎడమన పడతాయి. ఎడమవైపు గాలి నేల నుంచి సముద్రానికి వీస్తుంది, నీటిని ఒడ్డు నుంచి వెనక్కు లాగుతుంది. కుడివైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఉప్పెన అక్కడే వస్తుంది. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన వచ్చింది మాత్రం దానికి కుడివైపున్న దివిసీమకు. సుమారు ఐదు మీటర్ల నీటిగోడ ఊళ్లను తుడిచిపెట్టింది, దాదాపు 10 వేల మంది పోయారు. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్న వార్తతో సరిపెట్టుకోకుండా తమ ఊరు దానికి ఏ పక్కన ఉందో చూసుకోవాలనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఏడు, పది సూచికలున్న రేవులో మరో మోసం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖపట్నం మీదుగా సాగినప్పుడు నగరంలో గాలి కాసేపు తెరిపిచ్చింది. తర్వాత ఎదురు దిశ నుంచి మళ్లీ విరుచుకుపడింది.

గాలి తగ్గినంత మాత్రాన సముద్రం తగ్గదు. హెచ్చరికల్లో చెప్పే అల ఎత్తు, ఉన్న అలల్లో పెద్దవైన మూడో వంతు సగటు. అందులో ఒక్కో అల దానికి రెట్టింపు కూడా లేవవచ్చు. రెండున్నర నుంచి నాలుగు మీటర్ల వరకు ఉంటే అల్లకల్లోలం, నాలుగు నుంచి ఆరు వరకు తీవ్ర అల్లకల్లోలం అంటారు. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన అలల ఉబ్బు వేల కిలోమీటర్లు ప్రయాణించి, గాలీ వానా లేని రోజున కేరళ తీరంలో ఇళ్లలోకి నీరు తెస్తుంది. ఇలాంటి అలలపై హెచ్చరిక ఇచ్చే కేంద్రం సముద్రం లేని హైదరాబాద్‌లో ఉంది. 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అది. ఇన్‌కాయిస్ పేరుతో మత్స్యకారులకు సుపరిచితం. చేపలు దొరికే చోట్ల సమాచారం, సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వెళతాయి.

హెచ్చరిక తయారుకావడం ఒక ఎత్తు, పడవకు చేరడం మరో ఎత్తు. 2017 నవంబరు 29న కన్యాకుమారికి ఆగ్నేయంగా వాయుగుండంగా ఉన్న ఓఖీ మర్నాటి ఉదయానికే తుపాను అయింది. అప్పటికే కేరళ, తమిళనాడు పడవలు ఎన్నో నడిసముద్రంలో ఉన్నాయి. సెల్‌ఫోన్ సిగ్నల్ తీరం దాటి పదీ పదిహేను కిలోమీటర్లకే పోతుంది. వారం పది రోజుల వేటకు వెళ్లిన పడవకు కబురందే దారి లేకపోయింది. వందల మంది తిరిగి రాలేదు. 2019లో గగన్ ఉపగ్రహ వ్యవస్థ ద్వారా సందేశాలు అందుకుని సెల్‌ఫోన్‌లో చూపే జెమిని అనే చిన్న పరికరం వచ్చింది. ఈ పరికరం సందేశం అందుకుంటుంది గానీ పంపలేదు. ఉపగ్రహం ద్వారా రెండు వైపులా సందేశాలు పంపుకునే ట్రాన్స్‌పాండర్లను పడవలకు అమర్చే పని ఆ తర్వాత మొదలైంది. విశాఖ, కాకినాడ రేవుల నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లే మరబోట్ల వారికి ఇది ఐచ్ఛికమైన సామానుగా ఉండకూడదు.

వేటకు బయల్దేరే ముందు హెచ్చరికలో చూసుకోవలసినవి నాలుగు: ఏ ప్రాంతానికి ఇచ్చారు, గాలి ఏ దిక్కు నుంచి, ఎంత వేగంతో, ఏ రోజు వరకు. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం గాలింపు, సహాయ కేంద్రాన్ని 1554 నంబరుకు ఫోన్ చేసి పిలవవచ్చు.